పాలు పొంగేలోపు

మా చిన్నమ్మ ఎప్పుడొచ్చినా మేముండే మారతహళ్ళిని నాలుగు తిట్లు తిట్టాకే చెప్పులు విడుస్తుంది. మొన్న ఆదివారమూ అంతే. ఊరికి అటు చివరున్న యలహంక నుంచి కారులో రెండు గంటలు పట్టిందట. "ఇదేమి ఊరప్పా, ఎవురికి వాళ్ళు రోడ్డు మీదనే సంసారం చేస్తాండారు!" అంటూ, నేను పట్టుకోబోయిన చేతిని విదిలించుకుని, తనే నడిచొచ్చి వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె మా నాయన తమ్ముడి భార్య. ఎనభై దగ్గర పడుతున్నా నోటికి మాత్రం వయసు రాలేదు. సంచిలోంచి కరివేపాకు, మునక్కాయలు, దారిపొడుగునా కార్లో ఒలుచుకుంటూ వచ్చిన అవరెకాయ, అదే అనపకాయ గింజలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టి, ఆఖరికి పాత చీరముక్కలో చుట్టిన పొడుగాటి వస్తువొకటి నా ఒళ్ళో పడేసింది. "అటక దులిపిస్తే దొరికె. నీదే. చూసుకో."

విప్పితే తుప్పు వాసన వేసింది. మూరెడు ఇనప తీగ. కింద గుండ్రటి చెక్కబిళ్ళ, పైన కొక్కెంలా వంచిన కొస. పాత ఇళ్ళలో ఉత్తరాలు, కరెంటు బిల్లులు గుచ్చి గోడకు తగిలించేవాళ్ళే, అదే. దీనికి మాత్రం ఉత్తరాలు లేవు. రోజుకొకటి చింపే క్యాలెండరు చీటీలు, అరచేతంతవి, కింది నుంచి పైదాకా కిక్కిరిసి ఉన్నాయి. ప్రతి చీటీ వెనకా పెన్సిలుతో గీసిన ఒక బొమ్మ. చెంబు, గరిటె, జల్లెడ, కత్తిపీట, మళ్ళీ చెంబు. ప్రతి బొమ్మకూ నడుమ ఒక చిల్లు. నాకు పదకొండేళ్ళప్పటి నుంచి పద్నాలుగు వచ్చేదాకా గీసినవి. చూడగానే సంతోషించి ఉండాల్సింది. నాకేమో వాటిని ఒళ్ళోంచి కింద పెట్టేయాలనిపించింది.

ఎందుకో చెప్పాలంటే ముందు ఇంకో కాగితం సంగతి చెప్పాలి. అది మా కందిపప్పు డబ్బా కింద మడిచి ఉంది. కంటి డాక్టరు రాసిచ్చినది. నీటికాసులు అన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుందనీ, పోయింది తిరిగి రాదనీ, ఉన్నదాన్ని మాత్రం రోజూ చుక్కలు వేసుకుంటే నిలబెట్టుకోవచ్చనీ చెప్పాడు. వచ్చేసారి ఇంట్లోవాళ్ళెవరినైనా వెంటబెట్టుకు రమ్మన్నాడు. మూడు నెలలైంది. చుక్కల మందు కొన్నాను గానీ, వేసుకుంటే జబ్బు ఒప్పుకున్నట్టేనని దాచిపెట్టాను. నేను మళ్ళీ వెళ్ళలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. నా కొడుకు, కోడలు అనూష పొద్దున్నే ఆఫీసులకు పోతారు. వంటిల్లు నాది. రింగు రోడ్డు దాటి కూరగాయలు తెచ్చేదీ నేనే. చెప్పానంటే రేపటి నుంచి "మీరు కూర్చోండి" మొదలవుతుంది. ఆ మాటంటే నాకు చచ్చేంత భయం. ఆ భయం నాకు మా అవ్వ దగ్గర్నుంచి వచ్చింది.

మా యలహంక ఇంట్లో ఎనిమిది మందిమి. వంటింటికి ఒకటే కిటికీ. అమ్మ హొసకోటె దగ్గర బడిలో కన్నడ టీచరు, తెల్లారకముందే బస్సు పట్టుకునేది. అందుకని వంటింటి పెత్తనమంతా నాయన తల్లిది, మా అవ్వది. కిరసనాయిలు స్టవ్వు వాసన, రాగిసంగటి ఉడికే వాసన, ఆమె కొప్పులోని ఆముదం వాసన, ఈ మూడూ కలిస్తే నాకు ఇప్పటికీ ఆకలి వేస్తుంది. గొంతు గట్టిది, చెయ్యి అంతకంటే గట్టిది. గరిటె తీసినవాళ్ళు తీసిన మేకుకే తగిలించాలి. ఉప్పుజాడీ మూత ఎడమపక్కకే పెట్టాలి. మా నాయన నీళ్ళు తాగి చెంబు ఇంకోచోట పెట్టాడంటే, అంత మనిషినీ వెనక్కి పిలిచి సరిగ్గా పెట్టించేది. చాదస్తం అనుకునేవాళ్ళం. నాయనైతే "మా యమ్మ వంటిల్లు మిలిటరీ క్యాంపు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

పొద్దున్నే నన్ను లేపి ఆమె అనే మొదటి మాట "పాలు చూడుపో". పాలు కాగేదాకా కాపలా నా పని. నాకు ఆ పని పరమ విసుగు. కిటికీలోంచి వీధి చూస్తూ నిలబడి వరసగా రెండు రోజులు పాలు పొంగించాను. మూడో రోజు అవ్వ గోడ మీది క్యాలెండరు చీటీ పర్రున చింపి, అమ్మ బడి నుంచి తెచ్చిన పెన్సిలు ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది.

"వీధి యాడికీ పోదు. పొయ్యి దగ్గరే కూర్చో. ఈడ ఏముండాదో అది గీయి. పాలు పొంగేలోపు అయిపోవాల."

"నాకు గీసేది రాదవ్వా."

"పాలు కాచేది మాత్రం వచ్చునా నీకు? చాల్లే, కూర్చో."

అలా మొదలైంది. మొదటి చెంబును నేను మూతి దగ్గర నుంచి మొదలుపెట్టి బుద్ధిగా చుట్టూ గీసుకుంటూ వచ్చాను. సగం చెంబయ్యేసరికి పాలు స్టవ్వు మీద ఉన్నాయి. "పాలు పోతే పోయె, పొయ్యి కడిగేదెవురే?" అని నాతోనే కడిగించింది. వారం రోజులకు తెలిసింది, చెంబంటే ముందు పొట్ట గీయాలని. పెద్ద గీత ముందు, చిన్నవి తరువాత, నగిషీలు టైముంటే. గిన్నె అంచున బుడగలు కట్టగానే పెన్సిలు కింద పెట్టేయాలి. రబ్బరు లేదు, ఉన్నా తుడిచే తీరిక లేదు. తప్పు గీత తప్పుగానే ఉంటుంది, రేపు ఇంకో చీటీ వస్తుంది. అందమైన వస్తువు కోసం వెతకడమూ లేదు. కళ్ళెదురుగా ఏది ఉంటే అదే ఆ రోజు బొమ్మ. జ్వరమొచ్చిన రోజు ముసుగులోంచే పటకారు గీశాను. పాలవాడు రాని రోజు అవ్వ ఉత్త నీళ్ళు స్టవ్వు మీద పెట్టి "ఇవి కాగేలోపు" అంది. గీశాక ఆమెకు ఇస్తే, కంటికి దగ్గరగా పెట్టుకుని, కాస్త అటూ ఇటూ జరిపి చూసి "చెంబే, అనుమానం లేదు" అని తీగకు గుచ్చేది. నా బొమ్మకు చిల్లు పడుతుంటే ప్రాణం ఉసూరుమనేది. మూడు నాలుగు నెలలకు అది కూడా అలవాటైంది. చెయ్యి దానంతటదే తిరిగేది. బడిలో డ్రాయింగు అయ్యవారు గంటసేపు గీయించే కుండ నాకు అరచీటీలో అయిపోయేది, అందుకు తలకు కాస్త పొగరు కూడా ఎక్కింది.

ఆ పొగరుతోనే ఒకరోజు గంజికుండ జరిపాను. అన్నం వార్చిన గంజి పట్టే మట్టికుండ అది. స్టవ్వుకు ఎడమపక్క, గోడకు జానెడు దూరంలో ఉండేది. అక్కడ చీకటి. వెలుతురు కోసం కిటికీ వైపు రెండు జానలు లాగాను. గీశాను, పాలు దించాను, కుండను వెనక్కి జరపడం మరిచిపోయి జడలు వేసుకోడానికి వెళ్ళాను. కాసేపటికి వంటింట్లోంచి "అప్పా" అని చిన్న కేక. వెళ్ళి చూస్తే అవ్వ అన్నం గిన్నె పట్టుకుని అలాగే ఉంది. సలసల కాగే గంజి నేల మీద, ఆమె ఎడమ పాదం మీద. కుండ రెండు జానల దూరంలో, పట్టపగలు, కిటికీ వెలుతురులో ఖాళీగా ఉంది.

ఆమె అరవలేదు. గిన్నె కింద పెట్టి, "తలుపు మూయి" అంది. మూశాక అడిగింది, "కుండ నువ్వే జరిపితివా?"

"నేనే జరిపితిని. గీసేదానికి." పాదం మీద చన్నీళ్ళు పోస్తూ ఏడుస్తున్నాను. "ఆడ్నే ఉండాది గదవ్వా, నీకు కనపడలేదా?"

పాదం వెనక్కి లాక్కుని కొంగు కప్పింది. తరువాత చాలా మామూలుగా చెప్పింది. "నడిమధ్యన కనపడుతుందే పాపా. పక్కలు కనపడవు. ఉంగరంలోంచి చూసినట్ల ఉండాది. ఏడాదాయె."

"నాయనకి చెప్తా."

నా చెయ్యి లాక్కుని తన నెత్తి మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు, ఎవురికీ చెప్పొద్దు. ఎదురింటి సాకమ్మను చూస్తాండావు గదా. కండ్లు పోయినాయని మూలన మంచం వేసిరి. కూడు పెడతారు, పని పెట్టరు. నాకు ఆ బతుకు వద్దు." ఇంకా ఏడుస్తుంటే నా ముక్కు తన కొంగుతోనే తుడిచి అంది, "గీసేది మానుకోవద్దు. ఏదీ జరపొద్దు, అంతే. ఉండేదాన్ని ఉండేచోట్నే గీయి."

సాయంత్రం అమ్మకు చెయ్యి జారిందని చెప్పింది. పాదానికి తేనె రాసుకుని రెండు రోజులు కుంటింది. ఆ తరువాత నా బొమ్మలు మారాయి. చెంబొక్కటే గీయడం మానేశాను. చెంబు, దాని పక్క ఉప్పుజాడీ, రెండింటి మధ్యా ఎంత ఎడం, జానెడా బెత్తెడా, చీటీ అంచున రాసుకునేదాన్ని. మేకుల వరుసలో ఏ మేకుకు ఏ గరిటె అనేది రాసుకున్నాను. ఎవరైనా ఏదైనా జరిపితే, బడికి వెళ్ళేముందు చూసుకుని సర్దేసేదాన్ని. ఆ వయసులో పెద్దవాళ్ళ రహస్యం దాచడంలో ఒక గొప్ప ఉంటుంది. దాచుకోనక్కర్లేదు, నాకు ఆ గొప్ప బాగానే ఉండేది.

ఆ ఏడే చిన్నాయనకు పెళ్ళై చిన్నమ్మ మా ఇంటికొచ్చింది. హొసకోటె పిల్ల. వచ్చిన రెండు నెలలకు ఉగాది, ఉగాది ముందర ఇంటికి సున్నం. ఘాటు పడదని అవ్వను పక్కవీధిలో చుట్టాలింటికి పంపారు. వంటింట్లో సామానంతా పెరట్లో పడింది. చింతపండుతో తోమి, ఆరబెట్టి, సాయంత్రానికి కొత్త కోడలు ఉత్సాహంగా అంతా సర్దేసింది. పొడుగువి వెనక, పొట్టివి ముందర, ఇత్తడివన్నీ ఒకచోట. చూడటానికి ఎంత బాగుందో! కానీ అవ్వ రేపు పొద్దున పొయ్యి దగ్గరికొస్తే ఏమీ దొరకదు, అందరి ముందూ తడుముకుంటుంది. తీగ తెచ్చి చీటీలన్నీ ఊడదీసి నేలంతా పరుచుకుని, ఒక్కొక్కటే చూస్తూ మొత్తం మళ్ళీ మార్చడం మొదలుపెట్టాను. సగంలో చిన్నమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏమ్మే సరళా, నేను సర్దిందంతా ఎందుకు పీకుతాండావు?"

"అవ్వకి ఇట్లుంటేనే ఇష్టం."

ఆమె కిందికి వంగి ఒక చీటీ తీసుకుంది. అంచున నేను రాసిన "జానెడు, గోడకు" చదివింది. నా ముఖంలోకి చూసింది, చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. ఆమె గంజికుండ ఎత్తుకుని, "ఇది యాడ పెట్టాల?" అంది. ఇద్దరం కలిసి దీపాలు పెట్టే వేళకు పూర్తిచేశాం. మర్నాడు అవ్వ సున్నం వాసన కొట్టే వంటింట్లోకి వచ్చి, చెయ్యి చాచి తిన్నగా గరిటె అందుకుంది. నేను గెలిచాను అనుకున్నాను.

రెండేళ్ళు అలా గెలిచాం. ఆ తరువాత వీధిలో కొత్తగా తవ్విన మోరీ కాలువలో అవ్వ పట్టపగలు పడింది. వీధికి నా దగ్గర బొమ్మ లేదు. నాయన ఆమెను పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. తిరిగొచ్చి, చొక్కా అయినా విప్పకుండా గడప మీద కూర్చుని చెప్పాడు. "నీటికాసులంట. రెండేండ్ల ముందు తెచ్చుంటే చుక్కలతో నిలబెట్టేవాడినన్నాడు. మనకెట్ల తెలుస్తుంది? ఇంట్లో ఒక్క చెంబు తడిమింది లేదు, ఒక్క గిన్నె తన్నింది లేదు." నేను గోడకు ఆనుకుని వింటున్నాను. మర్నాడు పాలు చూశాను. గీయలేదు. ఆ తరువాత ఆ ఇంట్లో ఎప్పుడూ గీయలేదు. అవ్వ ఇంకో ఆరేళ్ళు బతికింది. మొదట్లో కొన్నాళ్ళు చేతులతోనే వండింది, తరువాత ఆమెకూ మూలన మంచం వచ్చింది. పొద్దున్నే నా అడుగుల చప్పుడు విని "ఈ పొద్దు ఏం గీసినావే?" అని అడిగేది. "ఏం గీయలేదవ్వా" అనేదాన్ని. "పాలు పొంగినాయా?" "లేదు." "మంచిది" అనేది. ఒక్కసారైనా ఏదో ఒకటి గీశానని చెప్పి ఉండొచ్చు. పాపిష్టి నోటికి రాలేదు.

ఇదంతా నా ఒళ్ళో పెట్టి చిన్నమ్మ అవరెగింజలు పిసుకుతూ కూర్చుంది. నేను ఆ చీటీలు తాకకుండా చూస్తుంటే, తల ఎత్తకుండానే అడిగింది.

"నీకొక్కదానికే తెలుసనుకుంటివా?"

చీటీల మీంచి తలెత్తి ఆమెను చూశాను.

"సున్నం కొట్టిన దినమే నాకు తెలిసిపోయె. ఆ చీటీ చదివినాక ఇంకా తెలుసుకునేదానికి ఏముండాది? పదిసార్లు మీ చిన్నాయనకు చెప్దామని నోటిదాకా వచ్చె. కొత్త కోడల్ని. అత్తకు కండ్లు లేవని నేను అంటే, వంటిల్లు లాక్కునేదానికే అంటాందనుకోరా? నోరు మూసుకుంటి. నువ్వన్నా పసిపిల్లవు, ఒట్టు పెట్టించుకునింటుంది. నాకు ఎవురు పెట్టినారు ఒట్టు?" చేట పక్కన పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇన్నేండ్లు దీన్ని పారేయలేక అటక మీద పెట్టింటి. ఇప్పుడు నాకూ చాతగాదు. నువ్వే ఏమన్నా చేసుకో."

ఇద్దరం ఏడ్చాం. తరువాత అవరెకాయ సాంబారు చేసుకుని తిన్నాం. ఆమె మళ్ళీ రోడ్డును తిట్టుకుంటూ కారెక్కింది.

నేను మళ్ళీ గీయడం మొదలుపెట్టి మూడు నెలలైందని ఆమెకు చెప్పలేదు. డాక్టరు దగ్గర నుంచి వచ్చిన మర్నాడే, పాలప్యాకెట్టు కత్తిరించి గిన్నెలో పోసి, చిన్న నోటుపుస్తకం ముందు పెట్టుకున్నాను. చెయ్యి మరిచిపోలేదు, పొట్ట ముందు గీసింది. అయితే గీశాక పుస్తకాన్ని కళ్ళెదుట పెట్టుకుని స్టవ్వుతో పోల్చి చూస్తే, ఎడమ అంచున ఏదో ఒకటి లేకుండా పోతోంది. ఒకరోజు పటకారు, ఒకరోజు లైటరు. వస్తువు అక్కడే ఉంటుంది, బొమ్మలో ఉండదు. అప్పుడు ఎనిమిది మందికి ఒక్క కిటికీ, ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా రోజు గడిచేది కాదు. ఇప్పుడు ముగ్గురికి నాలుగు బర్నర్లు, అల్మారా తెరిస్తే లోపల కూడా లైటు వెలుగుతుంది. దాచుకోవాలనుకునే మనిషికి మాత్రం అప్పటికంటే ఇప్పుడే సుఖం, పగలంతా ఇంట్లో చూసేవాళ్ళే ఉండరు.

సోమవారం పొద్దున పాలు స్టవ్వు మీద పెట్టి, గీస్తూ ఉన్నాను. అనూష ఆఫీసుకు తయారై, కాఫీ కోసం వచ్చింది. వరంగల్లు పిల్ల. మూడేళ్ళుగా నాకు ఒక్క మాట ఎదురు చెప్పలేదు, అదే నాకు కొంచెం వెలితి. పప్పు డబ్బా ఎత్తి, కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె చదవలేదు. మడత కూడా విప్పలేదు.

"చుక్కల సీసా ఫ్రిజ్‌లో గుడ్ల ట్రే వెనక ఉంది కదా అత్తమ్మా" అంది. "మందు పేరు చూసి నెట్‌లో సెర్చ్ చేసిన. రోజూ చూస్తున్న, సీసా తగ్గుతనే లేదు. నాకు టెన్షన్‌తోని ఆఫీసుల పని అయితలేదు."

"మరి అడగలేదేమే?"

"ఎట్ల అడుగుత? మీరే దాచిపెట్టిన్రు. నేను అడిగితే, నన్ను మూలన కూర్చోబెడ్తాందని మీరు ఫీలయితరని..." ఆమె కళ్ళు తుడుచుకుంది.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అవ్వ ముఖం, ఆ సాయంత్రం గుమ్మంలో చీటీ పట్టుకుని నిలబడ్డ చిన్నమ్మ ముఖం, రెండూ ఒక్కసారిగా నా ముందుకొచ్చాయి. కొత్త కోడళ్ళు నోరు మూసుకునే ఆ జబ్బు ఇన్నేళ్ళూ ఎక్కడికీ పోలేదు. అవ్వ తలను తలుచుకుని, ఆ ఒట్టును ఆ క్షణాన తీసి గట్టున పెట్టాను. అంతా చెప్పాను. గంజి, సున్నం, చీటీలు, మోరీ, "ఈ పొద్దు ఏం గీసినావే" అన్నీ. చెబుతూ చెబుతూ ఉండగానే చుర్రుమంది. పాలు గిన్నె దాటి, బర్నరు ఆర్పి, గట్టు మీదుగా కారి నేల మీదికి దిగాయి. పన్నెండేళ్ళ వయసు తరువాత నా కాపలాలో పాలు పొంగడం అదే మొదటిసారి. లేవబోయాను. అనూష నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది, ఏడుస్తూనే నవ్వింది.

"పొంగనియ్యండి అత్తమ్మా. ఇంట్ల రెండోసారి గృహప్రవేశం అయింది."

ఆఫీసుకు ఫోను చేసి రానని చెప్పింది. డాక్టరుకు ఫోను చేసి ఆ మధ్యాహ్నానికే టైము తీసుకుంది. సీసా తెచ్చి, నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి, "పైకి చూడండి" అని రెండు కళ్ళల్లో చెరొక చుక్క వేసింది. చల్లగా మండింది. "ఇంకో మాట" అన్నాను కళ్ళు మూసుకునే. "కూరగాయలకు నేనే పోతాను." "ఇద్దరం పోదాం" అంది. "సంచి మీరే పట్టుకోండి." బేరం అక్కడికి కుదిరింది.

గట్టు తుడవనివ్వలేదు. ముందు ఆ రోజు బొమ్మ కావాలి నాకు. పొంగిన గిన్నె, కారిన పాలు, ఆరిపోయిన బర్నరు తీరిగ్గా గీశాను, ఇక పొంగడానికి ఏమీ మిగల్లేదు కదా. అనూష నా భుజం మీదుగా చూసి, స్టవ్వును చూసి, మళ్ళీ బొమ్మను చూసింది. "ఎడమవైపు లైటర్ లేదు అత్తమ్మా" అంది. పెన్సిలు ఆమె చేతికి ఇచ్చాను. నాలుకను పంటి కింద పెట్టుకుని, ఒత్తి ఒత్తి, అంచున లైటరు గీసింది. అది బెండకాయలా వచ్చింది. చెరపలేదు. పుస్తకంలోంచి ఆ కాగితం చింపి, తీగకు పై కొసన గుచ్చి, దాన్ని స్టవ్వుకు ఎడమపక్క మేకుకు తగిలించాం.